స్కాన్ నార్మల్ అంటే పాప నార్మల్ అని కాదు



ఈ నెల సంచికకు నన్ను రాయమన్నప్పుడు ఇంగ్లిష్ పేపర్లో మార్కులు పెంచుకునే చిట్కాలు రాద్దామనుకున్నాను. కానీ ఏడాదిగా మనసులో పెట్టుకున్న మరో విషయం ముందు మీకు చెప్పాలనిపించింది. అది నేను చేసిన పొరపాటుతో మొదలవుతుంది.

కిందటేడు సంక్రాంతి సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి డైరీలో ఎర్ర ఇంకుతో ఇలా రాశాను: 'క్లాసులో శ్రద్ధ లేదు. హోంవర్క్ పూర్తి చేయడం లేదు. తల్లిదండ్రులు గమనించగలరు.' ఒకే వారంలో మూడుసార్లు రాశాను. సెలవులకు ముందు ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తే పిల్ల, ఇప్పుడు ప్రశ్న అడిగితే కాసేపు నా మొహం వంక చూసి అప్పుడు జవాబు చెప్పేది. పాఠం చదవమంటే రెండు లైన్లు చదివి ఆగిపోయేది. 'తలనొప్పిగా ఉంది మేడం' అనేది. స్లిప్ టెస్టు ఉన్న రోజే ఆ తలనొప్పి ఎక్కువగా వచ్చేది. మీరే చెప్పండి, ఏ టీచరైనా ఏమనుకుంటుంది? నేనూ అదే అనుకున్నాను.

పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్లమ్మగారు వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో డాబా మెట్ల మీద జారి పడింది. తల వెనక దెబ్బ తగిలింది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. 'బొప్పి పైకి కట్టింది కదా, లోపల ఏమీ కాలేదులే' అన్నారట పెద్దవాళ్లు. రాత్రి ఒకసారి వాంతి చేసుకుంటే భయపడి టౌన్‌కు తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయించారు. రిపోర్టు నార్మల్.

'స్కాన్‌లో ఏమీ లేదన్నారు మేడం. మరి ఎందుకిలా చేస్తోందో అర్థం కావట్లేదు. ఫోన్ తీసేసుకున్నాం, టీవీ కట్టేశాం, తిట్టాం కూడా' అన్నారావిడ. పక్కన నిలబడ్డ పిల్ల తలెత్తలేదు. ఆవిడ తిట్టడానికి కారణం నేను రాసిన రిమార్కులేనని నాకు అప్పుడర్థమైంది.

ఆవిడ అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బీఈడీ చేసిన ఇంగ్లిష్ టీచర్ని. కానీ తలకు దెబ్బ తగిలిన పిల్లల విషయంలో డాక్టరు దగ్గర ఉండే ఆధారాల్లో సగం మీ దగ్గర, మా దగ్గర ఉంటాయని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. అదే మీకు చెప్పాలనుకుంటున్నాను.

స్కాన్ ఏం చూస్తుంది?

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినప్పుడు, దాని పనితీరు కొంతకాలం దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఎక్కువమందికి స్పృహ తప్పదు. అసలు తలకే దెబ్బ తగలాలని కూడా లేదు. ఒంటికి తగిలిన దెబ్బకు తల గట్టిగా కుదుపుకు లోనైనా రావచ్చు.

సీటీ స్కాన్ ముఖ్యంగా చూసేది రెండు విషయాలు: ఎముక విరిగిందా, లోపల రక్తస్రావం అయిందా. ఆ రెండూ ప్రాణానికి సంబంధించినవి కాబట్టి అవసరమని డాక్టరు అంటే స్కాన్ తీయించాల్సిందే. కానీ కంకషన్ అందులో సాధారణంగా కనిపించదు. ఇంటి గోడ బీటలు వారిందా అని చూడటం వేరు, ఇంట్లో కరెంటు వోల్టేజి సరిగ్గా వస్తోందా అని చూడటం వేరు. స్కాన్ గోడ చూసి బాగుందని చెప్పింది. వోల్టేజి సంగతి అది చెప్పలేదు.

మరి రక్త పరీక్ష లేదా? 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. అది పెద్దవాళ్ల కోసం. అది కూడా సీటీ స్కాన్ అవసరమా కాదా అని తేల్చుకోవడానికే. 'ఈ అమ్మాయికి కంకషన్ ఉంది' అనో 'లేదు' అనో ఒక్క ముక్కలో తేల్చి చెప్పే పరీక్ష ఈరోజుకీ లేదు. డాక్టరు అడిగి, చూసి, నడిపించి, గుర్తుపెట్టుకోమని కొన్ని పదాలు చెప్పి, అన్నీ కలిపి ఒక నిర్ణయానికి వస్తారు.

ఆ నిర్ణయమూ ఒక్క పూటలో తేలకపోవచ్చు. క్రికెట్ చూసేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2019 ఆగస్టు 17న లార్డ్స్ మైదానంలో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. వెంటనే పరీక్షించారు, పాసయ్యాడు. కాసేపటికి మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చి 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. అతని బదులు లబుషేన్ ఆడాడు. టెస్టు క్రికెట్‌లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. ఆ తర్వాతి టెస్టు కూడా స్మిత్ ఆడలేదు. మైదానం పక్కనే డాక్టర్లున్న ఆటగాడి విషయంలోనే లక్షణాలు మర్నాటికి గానీ బయటపడలేదు. మెట్ల మీద పడిన మన పిల్లల సంగతి చెప్పాలా?

స్మిత్ నెల తిరక్కుండా తిరిగొచ్చి డబుల్ సెంచరీ చేశాడు. అందరికీ అలా జరగదు. 2021 జనవరిలో సిడ్నీలో మన జట్టు మీద తొలి టెస్టు ఆడి 62 పరుగులు చేసిన విల్ పుకోవ్‌స్కీ, పదేపదే తగిలిన తల దెబ్బల లక్షణాలు వదలక, డాక్టర్ల సలహాతో 2025లో ఆట మానేశాడు. అప్పటికి అతని వయసు 27.

ఎన్నాళ్లుంటే 'తగ్గలేదు' అనాలి?

ఇక్కడే అసలు చిక్కు. తలనొప్పి, తల తిరగడం, అలసట, చిరాకు, ఏకాగ్రత కుదరకపోవడం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం. ఇవి వారాలు గడిచినా తగ్గకపోతే దానికో పేరు పెట్టాలని డాక్టర్లు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. నిర్వచనమే కుదరడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ 10 ప్రకారం దెబ్బ సాధారణంగా స్పృహ తప్పేంత గట్టిదై ఉండాలి, లక్షణాల్లో కనీసం మూడు ఉండాలి. 1994లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన డీఎస్ఎం 4 పుస్తకం అది చాలదంది. జ్ఞాపకశక్తి లేదా ఏకాగ్రత తగ్గినట్టు పరీక్షల్లో కనిపించాలి, లక్షణాలు కనీసం మూడు నెలలు ఉండాలి అంది. ఈ రెండు కొలబద్దలతో ఒకే రోగులను కొలిస్తే ఏమవుతుంది? అమెరికాలో దెబ్బ తగిలిన మూడు నెలలకు 178 మంది పెద్దవాళ్లను అలా పరిశీలించి 2004లో ప్రచురించారు. మొదటి కొలబద్ద ప్రకారం 64 శాతం మందికి సమస్య ఉంది. రెండోదాని ప్రకారం 11 శాతం మందికే. మనుషులు వాళ్లే, దెబ్బలు అవే. 2013లో వచ్చిన డీఎస్ఎం 5లో ఆ పేరే తీసేసి, మరో పెద్ద విభాగంలో కలిపేశారు.

గడువు విషయమూ అంతే. క్రీడా వైద్య నిపుణులు కొన్నేళ్లకోసారి కలిసి మార్గదర్శకాలు తయారు చేస్తారు. 2016లో బెర్లిన్‌లో కలిసినప్పుడు, పెద్దవాళ్లకు 10 నుంచి 14 రోజులు, పిల్లలకు 4 వారాలు దాటితే 'తగ్గని లక్షణాలు' అనాలన్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసి, అందరికీ 4 వారాలు అని మార్చారు. అంటే 4 వారాలు అన్నది కూడా మనుషులు కూర్చుని ఒప్పుకున్న గీత. 27వ రోజు బాగానే ఉండి 29వ రోజు జబ్బు మొదలవదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'కంకషన్ అని కన్ఫర్మ్ చేయండి డాక్టరుగారూ' అని మనం అడిగినప్పుడు ఆయన కాస్త తటపటాయిస్తే ఆయనకు తెలియక కాదు. నిజాయితీగా ఉన్నారంతే.

నిజంగా దెబ్బ వల్లేనా?

మీకొచ్చే అనుమానమే నాకూ వచ్చింది. తలనొప్పి, నీరసం, చిరాకు, నిద్ర లేకపోవడం తొమ్మిదీ పదీ చదివే పిల్లల్లో సగం మందికి ఉంటాయి కదా? పొద్దున ఆరుకే లేచి, బస్సెక్కి, స్టడీ అవర్లు ముగించుకుని రాత్రికి ఇల్లు చేరే పిల్లలకు తల తిరక్కపోతేనే ఆశ్చర్యం.

మన అనుమానంలో నిజముంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, గత ఆరు నెలల్లో కంకషన్ రాని దాదాపు 32,000 మంది హైస్కూలు క్రీడాకారులను ఇవే లక్షణాల గురించి అడిగారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అబ్బాయిల్లో 19 శాతం, అమ్మాయిల్లో 28 శాతం మంది చెప్పిన లక్షణాలు ఐసీడీ 10 జాబితాకు సరిపోయేలా ఉన్నాయి. ఇటీవల ఏ దెబ్బా లేకుండానే! పైగా మెడ నరం పట్టేసినా, మైగ్రేన్ ఉన్నా, నిద్ర చాలకపోయినా, దిగులుగా ఉన్నా, పరీక్ష భయం ఉన్నా లక్షణాలు ఇవే. చాలాసార్లు రెండు మూడు కలిసి ఉంటాయి.

అయితే రెండో వైపు కూడా చూడండి. కెనడాలో 9 పిల్లల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు కంకషన్‌తో వచ్చిన 3,000 మందికి పైగా పిల్లలను గమనించారు. 28 రోజుల తర్వాత కూడా దాదాపు ముగ్గురిలో ఒకరికి లక్షణాలు ఉన్నాయి. 13 ఏళ్లు దాటినవాళ్లకు, అమ్మాయిలకు, ముందునుంచీ మైగ్రేన్ ఉన్నవాళ్లకు, ఇదివరకు కంకషన్ వచ్చి వారానికి పైగా బాధపడినవాళ్లకు ఈ అవకాశం ఎక్కువ. ఎమర్జెన్సీలో చూసినప్పుడు ప్రశ్నలకు నెమ్మదిగా జవాబు చెప్పడం కూడా ఆ సూచనల్లో ఒకటి. 2016లో వచ్చిన ఆ వ్యాసంలో ఈ మాట చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. నా క్లాసులో ఆ అమ్మాయి నెమ్మదిగా జవాబు చెప్పడాన్నే నేను అశ్రద్ధ అని రాశాను.

'నటిస్తోందేమో' అన్న మాట

కంటికి కనిపించని దెబ్బను నమ్మకపోవడం కొత్తేమీ కాదు. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్, రైలు ప్రమాదాల్లో పైకి గాయం లేకుండా బయటపడి, నెలల తరబడి బాధపడే ప్రయాణికుల గురించి పుస్తకం రాశాడు. లోపల నరాల వ్యవస్థ అదిరిందన్నాడు. 1883లో రైల్వే కంపెనీకి పనిచేసే సర్జన్ హెర్బర్ట్ పేజ్, అది వెన్నుకు తగిలిన దెబ్బ కాదు, చాలావరకు భయం వల్ల వచ్చేదన్నాడు. నష్టపరిహారం కేసుల్లో ఈ వాదన చాలాకాలం నడిచింది. ఒకటిన్నర శతాబ్దం దాటింది. ఇవాళ మన ఇళ్లలో, క్లాసుల్లో అదే వాదన 'టెస్టు ఎగ్గొట్టడానికి వంక' అన్న మాటగా నడుస్తోంది.

నా అభిప్రాయం ఒకటే. పేరు తేలేదాకా సాయం ఆపకూడదు. పిల్ల చెప్పేది నమ్మి నాలుగు స్లిప్ టెస్టులు వాయిదా వేశాక కంకషన్ కాదని తేలితే మనం పోగొట్టుకునేది నాలుగు స్లిప్ టెస్టులు. నమ్మకుండా ఒత్తిడి పెంచాక నిజమని తేలితే పోయేది పిల్ల ఆరోగ్యం, మన మీద పిల్లకున్న నమ్మకం. మైగ్రేనో, మెడనొప్పో, పరీక్ష భయమో అని తేలినా, వాటికీ వైద్యముంది. తిట్టు ఇందులో దేనికీ మందు కాదు.

'నమ్మితే ప్రతివాళ్లూ తలనొప్పంటారు మేడం' అని ఒక నాన్నగారు నాతో అన్నారు. అనొచ్చు. అందుకే పక్క పిల్లతో కాకుండా, దెబ్బ తగలకముందు మన పిల్ల ఎలా ఉండేదో దానితో పోల్చమంటాను. ఆ పోలిక ఏ మెషీనూ చేయలేదు. అమ్మానాన్నలు, టీచర్లు మాత్రమే చేయగలరు.

ఇంట్లో మీరు చేయగలిగింది

మొదటి రెండు రోజులు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండండి. పదేపదే వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, ఫిట్స్, లేపినా సరిగ్గా లేవలేనంత మగత, మాట తడబడటం, తికమకగా మాట్లాడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, రెండు కంటిపాపలు సమానంగా లేకపోవడం, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం లేదా నీరు కారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

అవి లేకపోతే ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఆ రెండు రోజులూ ఫోన్, టీవీ తగ్గించాలి. అంతేగానీ వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టకూడదు. అమెరికాలోని మిల్వాకీలో 11 నుంచి 22 ఏళ్ల వాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఐదు రోజుల కచ్చితమైన విశ్రాంతి, మరో జట్టుకు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చెప్పారు. ఐదు రోజులు పడుకున్నవాళ్లే ఎక్కువ లక్షణాలు చెప్పారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో డాక్టరు సలహాతో తేలికపాటి వ్యాయామం చేసిన పిల్లలు కొంచెం త్వరగా కోలుకున్నారు. నెమ్మదిగా నడక, కొంచెం చదువు, బాధ బాగా పెరిగితే ఆపడం, మర్నాడు మళ్లీ ప్రయత్నించడం. ఇదే దారి. ఆటలు మాత్రం డాక్టరు సరేననేదాకా వద్దు. కోలుకోకముందే మరో దెబ్బ తగలడం ప్రమాదం.

ఒక చిన్న నోటుబుక్ పెట్టండి. దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలింది. తలనొప్పి ఏ వేళకు వచ్చింది. ఎంతసేపు చదివితే వచ్చింది. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది. రోజుకు రెండు లైన్లు చాలు. నాలుగు వారాలైనా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ ఎక్కువవుతుంటే అంతకుముందే, ఆ నోటుబుక్ తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. 'ఇంకో స్కాన్ తీయమంటారా' అని కాకుండా, 'మెడ, కళ్లు, నిద్ర, మైగ్రేన్, దిగులు, వీటిలో దేన్ని ముందు చూడాలి' అని అడగండి.

పిల్లను భయపెట్టవద్దు కూడా. 'నీ బుర్ర పాడైపోయింది' అన్న మాట సరదాకైనా అనవద్దు. ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. ఆ మాట పిల్లకు ముందే చెప్పండి.

బడిలో మేం చేయాల్సింది

ఇది మీకు మాత్రమే చెబితే న్యాయం కాదు. తలకు దెబ్బ తగిలిన పిల్లలకు కొన్ని రోజులు సగం పూట హాజరు, వారాంతపు టెస్టుల నుంచి మినహాయింపు, డిజిటల్ బోర్డు బదులు ప్రింటు నోట్సు, గోల తక్కువగా ఉన్న చోట సీటు, మధ్యలో పది నిమిషాలు తల వాల్చుకునే వీలు ఇవ్వాలని నా తోటి టీచర్లనూ, యాజమాన్యాన్నీ ఈ పేజీ ద్వారా కోరుతున్నాను. ర్యాంకుల పట్టికలో 'ఆబ్సెంట్' అని పడితే పిల్లలు నొప్పి దాచుకుని మరీ పరీక్షకు వస్తారు. అలా దాచిన నొప్పి ఏ డాక్టరుకూ దొరకదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆరో వారంలో న్యూరాలజిస్టుకు చూపించారు. 'కంకషన్ వల్లే మొదలై ఉండొచ్చు, మెడ కండరాలు పట్టేశాయి, నిద్ర సరిగా లేదు, పరీక్ష భయమూ తోడైంది. ఏది ఎంత అని విడదీసి చెప్పలేను' అన్నారట ఆయన. మెడకు ఫిజియోథెరపీ, రాత్రి పదింటికి నిద్ర, రోజూ సాయంత్రం నడక. బడిలో సగం పూటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. మార్చి చివరికి రెండు పేజీలు ఆగకుండా చదివింది. తలనొప్పి అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది, వేసవిలో అదీ తగ్గింది. ఇప్పుడు పదో తరగతి. ఏమైందో కచ్చితంగా ఇప్పటికీ ఎవరం చెప్పలేం. తగ్గడానికి అది అడ్డు రాలేదు.

నేను రాసిన ఆ మూడు రిమార్కులకు ఆ అమ్మాయికి, వాళ్లమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాను.

మీకు ఒక్క విన్నపం. సెలవుల్లో గానీ, ఆటల్లో గానీ, బండి మీద వెళ్తున్నప్పుడు గానీ మీ పిల్లల తలకు దెబ్బ తగిలి ఉంటే, స్కాన్ నార్మల్ వచ్చినా సరే, డైరీలో తేదీ వేసి ఒక్క లైను రాసి పంపండి. మా చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. అది ఎత్తేముందు మాకు ఆ ఒక్క లైను కనిపించాలి.